కర్పూరాన్ని పోలారిమీటర్‌లో పెట్టి చూడనివ్వండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు బహిరంగ లేఖ



నేనొక అనలిటికల్ కెమిస్టుని. హైదరాబాద్ చుట్టూ ఉన్న బల్క్ డ్రగ్ కంపెనీల క్యూసీ ల్యాబుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఎంఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పాసై వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడం కూడా నా పనుల్లో ఒకటి. ఆ కుర్చీలో కూర్చుంటే కనబడే సంగతి ఒకటి మీ చెవిన వేద్దామని ఈ లేఖ. సిలబస్ విషయంలో యూనివర్సిటీలు మీ మాట వింటాయి కాబట్టి మీకే రాస్తున్నాను.

ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "కైరల్ కాలమ్ మీద నీ శాంపిల్ ఇంజెక్ట్ చేశావు. ఒకే ఒక్క పీక్ వచ్చింది. నీ కాంపౌండ్ ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్ ఎంత?" కైరల్ కాలమ్ అంటే అణువుల కుడి ఎడమ రూపాల్ని విడదీసే గొట్టం. ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్, అంటే ఈఈ, ఒక రూపం రెండోదాని కన్నా ఎన్ని శాతం ఎక్కువుందో చెప్పే లెక్క.

"హండ్రెడ్ పర్సెంట్ సార్." దాదాపు అందరిదీ ఇదే జవాబు. కాస్త జాగ్రత్తపరులు "నైంటీ నైన్ పైనే సార్" అంటారు.

"మరి రేసిమేట్ ఇంజెక్ట్ చేశావా?" అని అడిగితే ముఖంలోకి చూస్తారు. రేసిమేట్ అంటే కుడి ఎడమ రూపాలు సగం సగం ఉన్న మిశ్రమం. ముందు దాన్ని అదే కాలమ్ మీద, అదే మొబైల్ ఫేజ్‌లో నడిపి, రెండు పీకులు విడివిడిగా వస్తున్నాయని చూపించాలి. చూపించనంతవరకూ ఆ ఒక్క పీక్‌తో ఏమీ తేలదు. ఆ కాలమ్‌కు ఆ రెండు రూపాల్ని విడదీసే శక్తే లేకపోతే శాంపిల్ పూర్తిగా రేసిమిక్ అయినా పీక్ ఒక్కటే వస్తుంది. అందుకే కంపెనీల్లో మనకు అక్కర్లేని రూపాన్ని కూడా పనిగట్టుకుని తయారు చేసి, స్టాండర్డుగా ఫ్రిజ్‌లో పెట్టుకుంటాం. పారేయవలసిన సరుకును అంత ఖర్చుపెట్టి ఎందుకు చేస్తారో కొత్తగా చేరిన పిల్లలకు చాలాకాలం అర్థం కాదు.

వాళ్లు తెలివితక్కువవాళ్లేం కారు. బోర్డు మీద ఫిషర్ ప్రొజెక్షన్ గీసిన మరుక్షణం అది ఆర్ రూపమో ఎస్ రూపమో చెప్పేస్తారు. "లోయెస్ట్ ప్రయారిటీ గ్రూప్ హారిజాంటల్ లైన్ మీదుంటే వచ్చిన ఆన్సర్ తిరగేయాలి సార్" అని కోచింగ్ సెంటర్ కిటుకు కూడా చెబుతారు. నెట్ పరీక్ష గట్టెక్కడానికి అది సరిపోతుందేమో. సీసాలో ఉన్న తెల్ల పొడి ఏ రూపం, ఎంత శాతం, ఆ శాతాన్ని ఏ ఆధారంతో నమ్మాలి అని మాత్రం ఆ పిల్లల్ని ఐదేళ్ల డిగ్రీ, పీజీ చదువులో ఎవరూ అడిగినట్టు లేదు. కాగితం మీద గీసిన అణువుకు రూపం పేరు పెట్టడం ఒక విద్య. సీసాలోని పదార్థానికి పెట్టడం వేరే విద్య. మన పీజీ కాలేజీల్లో మొదటిదే రెండోదిగా చలామణీ అవుతోంది.

విచిత్రమేమిటంటే ఈ విద్యకు కావలసిన ముక్కలు చాలావరకు మన కాలేజీల్లో ఉన్నవే. బీఎస్సీ ఫిజిక్స్ ల్యాబులో, ద్రావణం కాంతి తలాన్ని ఎంత తిప్పుతుందో కొలిచే హాఫ్ షేడ్ పోలారిమీటర్ ఉంటుంది. సోడియం దీపం వెలిగించి, పంచదార ద్రావణం పోసి, ఆప్టిక్స్ ప్రాక్టికల్‌గా స్పెసిఫిక్ రొటేషన్ కట్టిస్తారు. ఎంఎస్సీ ఫిజికల్ కెమిస్ట్రీలో అదే పంచదారను యాసిడ్‌తో విడగొట్టి, రీడింగ్ ప్లస్ నుంచి మైనస్‌కు జారడాన్ని కైనెటిక్స్ ప్రాక్టికల్‌గా చేయిస్తారు. స్టీరియోకెమిస్ట్రీ ఆర్గానిక్ థియరీ పేపర్‌లో, కాలమ్‌లు నడిపే హెచ్‌పీఎల్‌సీ అనలిటికల్ పేపర్‌లో ఒక యూనిట్‌గా వస్తాయి. ఒక్కో ముక్క ఒక్కో గదిలో, ఒక్కో మేష్టారి దగ్గర. ఈ నాలుగూ ఒకే ప్రశ్నకు జవాబులని విద్యార్థికి చెప్పే గంట మాత్రం టైంటేబుల్‌లో లేదు.

మీ మండళ్లలో కెమిస్ట్రీ చదవనివారూ ఉంటారు, ఈ లేఖ చదివే పాఠకులూ ఉంటారు. వాళ్ల కోసం రెండు మాటలు. కుడి చెప్పూ ఎడమ చెప్పూ ఒకే తోలుతో, ఒకే బరువుతో, ఒకే కొలతతో ఉంటాయి. కాలు పెడితే గానీ తేడా తెలీదు. కైరల్ అణువులూ అంతే. మన శరీరంలో మందు వెళ్లి అతుక్కునే ప్రొటీన్లకు కుడి ఎడమలు ఉన్నాయి కాబట్టి రెండు రూపాల్లో ఒకటి పనిచేసి రెండోది ఊరికే ఉండవచ్చు, కొన్నిసార్లు కీడు చేయవచ్చు. జలుబుకు మెడికల్ షాపులో అడిగే సెట్రిజిన్ రెండు రూపాల మిశ్రమం, మామూలు డోసు 10 మిల్లీగ్రాములు. అందులో ఒక్క రూపాన్నే తీసుకుంటే లెవోసెట్రిజిన్, డోసు 5 మిల్లీగ్రాములు. గ్యాస్ మందు ఒమెప్రజోల్‌లోంచి వచ్చిన ఎసోమెప్రజోల్‌ది ఇంకో తమాషా. అందులో కుడి ఎడమల తేడా కార్బన్ దగ్గర ఉండదు, సల్ఫర్ దగ్గర ఉంటుంది. "కైరల్ సెంటర్ అంటే నాలుగు వేర్వేరు గ్రూపులున్న కార్బన్" అని బట్టీ పట్టిన పిల్లవాడు ఎసోమెప్రజోల్ బొమ్మలో ఆ కార్బన్ కోసం వెతుకుతూ కూర్చోవడం నేను చూశాను.

పేర్ల సంగతీ ఇదే సందర్భంలో చెప్పాలి. లెవోసెట్రిజిన్ ఆర్ రూపం. లెవోఫ్లాక్సాసిన్ ఎస్ రూపం. రెండింటి పేర్ల ముందూ 'లెవో' ఉంది. కాంతి తలాన్ని ఎటు తిప్పుతుందన్నది పరికరం చూపించే సంగతి. ఆర్, ఎస్ అన్నవి గ్రూపుల ప్రాధాన్య క్రమాన్ని బట్టి మనం పెట్టుకున్న గుర్తులు. ఈ రెంటికీ నేరుగా సంబంధం లేదు. కండరాల్లో పుట్టే ఎల్-లాక్టిక్ యాసిడ్ నీళ్లలో కుడివైపు తిప్పుతుంది. దాన్ని ఉప్పుగా మార్చండి, ఎడమవైపు తిప్పుతుంది. అణువు రూపం మారిందా అంటే ఏమీ మారలేదు. ఈ సంగతి పుస్తకంలో చదివినవాడు పరీక్ష రాసి మరిచిపోతాడు. పోలారిమీటర్ కంటిలోంచి చూసినవాడికి జన్మలో మరుపు రాదు.

ఇక స్పెక్ట్రాల దగ్గరికి వస్తాను. ప్రాజెక్టు చేసిన పిల్లలు ఫైల్ తెరిచి ప్రోటాన్ ఎన్‌ఎంఆర్, కార్బన్ ఎన్‌ఎంఆర్, ఐఆర్, మాస్ అన్నీ చూపించి "స్ట్రక్చర్ కన్ఫర్మ్ అయింది సార్" అంటారు. నిజమే, స్ట్రక్చర్ తేలింది. కుడా ఎడమా అన్నది తేలలేదు. మామూలు ద్రావకంలో రెండు రూపాల ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రమూ ఒకటే. ద్రావణంలో ఐఆర్ కూడా అంతే. మాస్ స్పెక్ట్రంలోనూ రెండింటి బరువూ ఒకటే. ఆ ఫైల్లోని కాగితాలన్నీ కలిసి కుడి ఎడమల గురించి ఒక్క ముక్క కూడా చెప్పవు. ఈ మాట ఒక అమ్మాయితో అన్నప్పుడు ఆమె కాసేపు ఫైల్ తిరగేసి, "మరి మా గైడ్ సార్ ఎస్ అని రాయమన్నారు సార్" అంది. ఎలా తెలిసిందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఎన్‌ఎంఆర్‌తో ఆ తేడా పట్టుకోవాలంటే శాంపిల్‌కు ఇంకొక కైరల్ పదార్థాన్ని జత చేయాలి. అప్పుడు రెండు రూపాలూ ఒకదానికొకటి ప్రతిబింబాలుగా ఉండవు, సిగ్నళ్లు విడిపోతాయి. మోషర్ యాసిడ్ అలాంటిదే. అందులో ఫ్లోరిన్ ఉంటుంది కాబట్టి ఫ్లోరిన్ ఎన్‌ఎంఆర్‌లో రెండు సిగ్నళ్లూ విడివిడిగా కనబడతాయి. వాటి వైశాల్యాల నిష్పత్తిని బట్టి శాతం చెప్పవచ్చు. అక్కడా తిరకాసులు లేకపోలేదు. రీఏజెంట్ సరిపడా వేయకపోతే ఒక రూపం త్వరగా, రెండోది నెమ్మదిగా రియాక్ట్ అయి నిష్పత్తి తప్పుతుంది. ఆర్ రూపం మోషర్ యాసిడ్‌ను యాసిడ్ క్లోరైడ్‌గా మారిస్తే, అణువులో ఏ గ్రూపూ చోటు మారకపోయినా ప్రాధాన్య క్రమం మారి దాని పేరు ఎస్ అయిపోతుంది. సీసా మీది లేబుల్ చూసి లెక్క కట్టినవాడు తన కాంపౌండ్‌కు తిరగేసిన రూపం రాసుకుంటాడు.

పోలారిమీటర్ ఉంటే అన్నీ తేలిపోతాయని నేను అనడం లేదు. దాని హద్దులు తెలియకపోవడం కూడా ప్రమాదమే. నాప్రోక్సెన్ అనే నొప్పి మందును ఉదాహరణగా తీసుకుందాం. మొదటినుంచీ దాన్ని ఎస్ రూపంలోనే అమ్ముతున్నారు. క్లోరోఫాంలో దాని స్పెసిఫిక్ రొటేషన్ సుమారు ప్లస్ 66. 100 మిల్లీలీటర్లకు 1 గ్రాము చొప్పున కరిగించి 1 డెసీమీటర్ ట్యూబులో పెడితే పరికరం చూపేది 0.66 డిగ్రీ. అందులో 1 శాతం ఆర్ రూపం కలిసిందనుకోండి. ఎస్ 99, ఆర్ 1, తేడా 98. రీడింగ్ దాదాపు 0.647కు దిగుతుంది. అంటే 0.013 డిగ్రీ తేడా. ట్యూబులో చిన్న గాలిబుడగ నిలిచినా, గది వేడెక్కినా, తూకంలో కాస్త తేడా వచ్చినా అంత తేడా రావచ్చు. స్పెసిఫికేషన్‌లో 63 నుంచి 68 దాకా పాస్ అని రాసుకున్నామంటే రెండు శాతం పైగా ఆర్ రూపం ఉన్న బ్యాచ్ కూడా దర్జాగా పాసైపోతుంది. అందుకే ఇప్పుడు పోలారిమీటర్ రీడింగ్ ఒక గుర్తింపు పరీక్ష మాత్రమే. అరశాతం, పావుశాతం లెక్క తేల్చేది కైరల్ హెచ్‌పీఎల్‌సీ.

పైన వేసిన లెక్కలోనే మా ఇంటర్వ్యూల్లో సగంమంది జారిపోతారు. "ఈఈ 95 శాతం అంటే రెండో రూపం ఎంత?" అంటే "5 శాతం" అని ఠక్కున చెబుతారు. రెండున్నర శాతం. 97.5లోంచి 2.5 తీసేస్తే 95. ఇది ఆరో తరగతి లెక్క. ఒక్కసారి తన చేత్తో తెచ్చుకున్న రీడింగ్ నుంచి ఈ లెక్క వేసిన విద్యార్థి మళ్లీ తప్పు చేయడు.

రొటేషన్‌ను బట్టి కట్టే ఆప్టికల్ ప్యూరిటీ, ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్ ఒకటేనని కూడా మన నోట్సులన్నీ రాస్తాయి. చాలాసార్లు ఒకటే, ఎప్పుడూ కాదు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఒరో 1969లో ఒక సక్సినిక్ యాసిడ్ ఉత్పన్నాన్ని తీసుకుని, క్లోరోఫాంలో రొటేషన్‌కూ అసలు ఎక్సెస్‌కూ సరళరేఖ సంబంధం లేదని చూపించాడు. అణువులు ద్రావణంలో ఒకదాన్నొకటి పట్టుకుంటే ఇలా అవుతుంది. ఇంకోటి, పాత పేపర్లో ఇచ్చిన 'శుద్ధమైన' కాంపౌండ్ విలువే తప్పయితే మన ఆప్టికల్ ప్యూరిటీ నూరు దాటిపోతుంది. 104 శాతం శుద్ధత అని రాసుకున్న థీసిస్ నా చేతిలోకి వచ్చింది. దాని మీద సంతకాలన్నీ ఉన్నాయి.

కరగడం దగ్గర కూడా పిల్లలు తికమకపడతారు. మలినం కలిస్తే మెల్టింగ్ పాయింట్ తగ్గుతుందని నేర్చుకుంటారు, మంచిదే. మరి ఐబుప్రోఫెన్? రెండు రూపాలూ సమానంగా కలిసిన మామూలు ఐబుప్రోఫెన్ 75, 77 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎస్ రూపం మాత్రమే ఉంటే 50 డిగ్రీలు దాటగానే కరిగిపోతుంది. శుద్ధమైనదే తక్కువకు కరుగుతోంది. స్ఫటికంలో కుడి, ఎడమ అణువులు జతలుగా కూర్చుని గట్టిగా పట్టుకోవడం వల్ల రేసిమేట్ ఇక్కడ వేరే పదార్థంలా ప్రవర్తిస్తుంది. ఘనరూపంలో ఐఆర్ తీసినా, పౌడర్ ఎక్స్‌రే తీసినా ఈ తేడా కనబడుతుంది. ద్రావణంలో ఐఆర్ తేడా చూపదని పైన అన్నాను. కేబీఆర్ పెల్లెట్‌లో, అంటే ఘనరూపంలో, చూపవచ్చు. ఈ రెండు వాక్యాలూ ఎందుకు నిజమో చెప్పగలిగిన విద్యార్థికి నేను మరో ప్రశ్న అడగకుండా ఉద్యోగం ఇస్తాను.

రూపాన్ని ఖాయంగా తేల్చడం, అంటే గదిలో నిలబడి ఇది ఆర్, ఇది ఎస్ అని నిక్కచ్చిగా చెప్పడం, వేరే పని. ఎమిల్ ఫిషర్ 1891లో చక్కెరలకు రూపాలు గీసినప్పుడు రెండింట్లో ఒకదాన్ని అంచనాగా ఎంచుకున్నాడు. అది తప్పో ఒప్పో అరవై ఏళ్లు ఎవరికీ తెలీదు. 1951లో బైఫూట్, ఆయన సహచరులు నెదర్లాండ్స్‌లో సోడియం రుబీడియం టార్ట్రేట్ స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో పరీక్షించి ఫిషర్ ఎంచుకున్నదే సరైందని తేల్చారు. రెండోదై ఉంటే పుస్తకాలన్నీ తిరగరాయవలసి వచ్చేది. ఇప్పుడు మంచి స్ఫటికం దొరికితే ఎక్స్‌రే, దొరక్కపోతే సర్క్యులర్ డైక్రోయిజం ఆ పని చేస్తాయి. వీటిని ప్రతి కాలేజీలో పెట్టమని అడిగేంత అమాయకుణ్ణి కాను.

పాఠ్యపుస్తకాలు మందుల గురించి చెప్పే రెండు కథల మీద మాత్రం నాకు ఫిర్యాదుంది. మొదటిది థాలిడొమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోగా వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. "ఆర్ రూపం మంచిది, ఎస్ రూపం చెడ్డది, వేరుచేసి ఉంటే ప్రమాదం తప్పేది" అని మన నోట్సులు ముగిస్తాయి. వేరుచేసినా తప్పేది కాదు. కార్బొనైల్ పక్కనున్న ఆ హైడ్రోజన్ సులువుగా ఊడి మళ్లీ అతుక్కుంటుంది కాబట్టి శరీరంలో ఒక రూపం రెండోదిగా మారిపోతూ ఉంటుంది. శుద్ధత కొలిచేవాడు సీసాలో ఉన్న శాతంతో పాటు అది నిలుస్తుందా అన్నది కూడా అడగాలన్న పాఠం ఇందులో ఉంది. నోట్సుల్లో ఆ పాఠం ఒక్కటే లేదు.

రెండోది టీబీకి వాడే ఎథాంబుటాల్. "ఎస్‌ఎస్ రూపం టీబీని తగ్గిస్తుంది, ఆర్‌ఆర్ రూపం కళ్లు పోగొడుతుంది" అని పరీక్షల్లో రాయిస్తున్నారు. మన ప్రభుత్వాసుపత్రుల్లో టీబీ రోగి మింగేది ఎస్‌ఎస్ రూపమే. ఆ మందు వాడేటప్పుడు కూడా చూపు మసకబారితే వెంటనే చెప్పమని డాక్టర్లు హెచ్చరిస్తారు, ఎందుకంటే ఆ ముప్పు ఎస్‌ఎస్‌కూ ఉంది. టీబీ మీద బలంగా పనిచేసేది ఒక్క రూపమే కాబట్టి దాన్నే ఇస్తే తక్కువ మందుతో సరిపోతుంది. శుద్ధతతో వచ్చే లాభం అది. కళ్లకు భరోసా ఇందులో లేదు. రేపు ఫార్మసీలోనో ఆసుపత్రిలోనో పనిచేయబోయే పిల్లవాడికి ఈ తేడా తెలియకపోవడం చిన్న విషయం కాదు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1992లో కైరల్ మందుల మీద తన విధానాన్ని ప్రకటించింది. ప్రతి రూపాన్నీ విడిగా కొలిచే పద్ధతి మొదట్లోనే తయారుచేసుకోమంది. జీడిమెట్ల నుంచి పైడిభీమవరం దాకా మన దగ్గర తయారైన ముడి మందులు ఆ దేశానికీ వెళ్తున్నాయి. ఇక్కడ ఆ కొలతలు తీసేది మన ఎంఎస్సీలే. కంపెనీలో నేర్పుకోవచ్చు కదా అంటారు. నేర్పుతాం, నేర్పుతూనే ఉన్నాం. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడు కైరల్ కాలమ్ మురికిగా ఉందని డైక్లోరోమీథేన్‌తో కడిగాడు. మామూలు కాలమ్‌కు అది మంచి పనే. సెల్యులోజ్ ఉత్పన్నాన్ని సిలికా మీద పూతగా వేసిన ఆ రకం కాలమ్‌లో పూతే కరిగి కొట్టుకుపోయింది. ఖరీదైన కాలమ్ పనికిరాకుండా పోయింది, వారం రోజులు బ్యాచ్‌లు ఆగాయి. కుర్రాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ కాలమ్ లోపల ఏముంటుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

సరే, ఏం చేయమంటారు అని మీరు అడుగుతారు. పెద్ద బడ్జెట్ అక్కర్లేని పనే చెబుతాను.

ముందుగా కర్పూరం. 1815లో ఫ్రాన్స్‌లో బియో అనే శాస్త్రవేత్త ద్రవాలు కూడా కాంతి తలాన్ని తిప్పుతాయని కనిపెట్టినప్పుడు వాడినవాటిలో టర్పెంటైన్, పంచదార ద్రావణంతో పాటు కర్పూరమూ ఉంది. కర్పూర వృక్షం నుంచి వచ్చే కర్పూరం కుడివైపు తిప్పుతుంది. ఆల్కహాల్‌లో దాని స్పెసిఫిక్ రొటేషన్ 41, 44 మధ్య. ఫ్యాక్టరీలో టర్పెంటైన్ నుంచి చేసిన కర్పూరం చాలావరకు రేసిమిక్, సున్నా దగ్గర చూపుతుంది. విద్యార్థి చేత 5 గ్రాముల సహజ కర్పూరం ఆల్కహాల్‌లో కరిగించి, ద్రావణం మొత్తం 50 మిల్లీలీటర్లు చేయించి 2 డెసీమీటర్ల ట్యూబులో పెట్టించండి. 8, 9 డిగ్రీల మధ్య రీడింగ్ వస్తుంది. ఫిజిక్స్ ల్యాబులోని పాత పోలారిమీటర్‌కు కూడా అది బాగా కనబడుతుంది. తర్వాత వీధి చివర కిరాణా కొట్లో కొన్న హారతి కర్పూరం పెట్టించండి. ఏం వస్తుందో అతన్నే చెప్పనివ్వండి. రెండింటికీ ద్రావణంలో ఐఆర్ తీయించి పక్కపక్కన పెట్టమనండి. నేను పైన పేజీలకు పేజీలు రాసింది ఆ పూటలో అతనికి అర్థమైపోతుంది.

రెండోది 1-ఫీనైల్ ఇథైల్ అమీన్‌ను టార్టారిక్ యాసిడ్‌తో విడదీయడం. పాత ప్రాక్టికల్ పుస్తకాలన్నిట్లో ఉన్నదే. వేడి మెథనాల్‌లో రెండింటినీ కలిపి నెమ్మదిగా చల్లారనిస్తే ఎస్ రూపపు ఉప్పు స్ఫటికాలుగా దిగుతుంది. సన్నటి పోగుల్లా వస్తే శుద్ధత తక్కువన్నట్టు, మళ్లీ వేడిచేసి ఇంకా నెమ్మదిగా చల్లార్చాలి. బొద్దుగా, పలకలు తేరిన స్ఫటికాలు వచ్చాకే వడపోయాలి. ఓపిక లేకపోతే ఈ ప్రాక్టికల్ రాదు, అదే దాని మంచి గుణం. సోడా కలిపి అమీన్ విడిపించి రొటేషన్ తీస్తే మైనస్‌లో వస్తుంది. పుస్తకంలోని విలువ 40కి దగ్గరగా ఉంటుంది. విద్యార్థికి వచ్చింది ఎంత, తక్కువెందుకు వచ్చింది అన్న చర్చకు ఒక తరగతి ఇవ్వండి. ఎన్‌ఎంఆర్ ఉన్న యూనివర్సిటీలో ఓ-అసిటైల్ మాండెలిక్ యాసిడ్ కలిపి స్పెక్ట్రం తీస్తే మిథైల్ సిగ్నల్ రెండుగా విడిపోవడం కనబడుతుంది. పోలారిమీటర్ చెప్పిన శాతమూ ఎన్‌ఎంఆర్ చెప్పిన శాతమూ కలిశాయా లేదా అని రాయమనండి. కలవకపోయినా మార్కులు తగ్గించకండి. ఎందుకు కలవలేదో రాసినవాడికి ఎక్కువ వేయండి.

పాశ్చర్ 1848లో చేసినట్టు కుడి ఎడమ స్ఫటికాల్ని పట్టకారుతో ఏరించాలని ఉత్సాహపడే మేష్టార్లకు ఒక మాట. సోడియం అమోనియం టార్ట్రేట్ 27 డిగ్రీల లోపైతేనే విడివిడి స్ఫటికాలుగా దిగుతుంది. అంతకు పైన రేసిమిక్ ఉప్పే వస్తుంది. ఏసీ లేని మన ల్యాబుల్లో ఆ ప్రయోగం డిసెంబరు, జనవరిల్లో పెట్టుకోవాలి.

కొన్ని యూనివర్సిటీల్లో హెచ్‌పీఎల్‌సీలు ఇప్పటికే ఉన్నాయి. నేను వెళ్లిన ఒక క్యాంపస్‌లో దాని మీద గుడ్డ కప్పి ఉంది. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు గుడ్డ తీస్తారట. పిల్లలు పాడుచేస్తారని భయం. పిల్లలు ముట్టుకోని పరికరం ఎలాగూ మూలపడే పాడవుతుంది. మేష్టార్ల ఖాళీలు నింపకుండా ఇవన్నీ సాగవన్నది కూడా నాకు తెలుసు. అది ప్రభుత్వాలతో మీరు పోరాడవలసిన విషయం. నేను అడిగేది మీ చేతిలో ఉన్న చిన్న పనే.

ఎంఎస్సీ ఆర్గానిక్ సిలబస్‌ను ఈసారి సవరించేటప్పుడు స్టీరియోకెమిస్ట్రీ థియరీ పక్కన ఈ రెండు ప్రాక్టికల్స్‌నూ తప్పనిసరి చేయండి. మౌఖిక పరీక్షలో "ఇది ఆర్ అని నీకెలా తెలుసు?" అన్న ప్రశ్న ఉండేలా చూడండి. జిల్లాకొక కాలేజీని ఎంచి, చుట్టుపక్కల కాలేజీల పిల్లలు హెచ్‌పీఎల్‌సీ మీద రెండు రోజులు పనిచేసి వెళ్లే ఏర్పాటు చేయండి. కాలం చెల్లిన కైరల్ కాలమ్‌లు, మిగిలిపోయిన రేసిమేట్ శాంపిళ్లు మా కంపెనీల స్టోర్‌రూముల్లో చాలానే ఉన్నాయి. విద్యామండలి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసి అడగండి. అడిగితే కాదనే యాజమాన్యాలు తక్కువ.

ఇట్లు,
ఒక అనలిటికల్ కెమిస్టు,
హైదరాబాద్